టీనేజ్ పిల్లలకు జర్మన్ చెప్పడం: కొత్త టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ స్కూళ్లలో జర్మన్ చెప్పడానికి కొత్తగా చేరేవాళ్లలో చాలామంది అంతకుముందు కోచింగ్ సెంటర్లలో పెద్దవాళ్లకు చెప్పినవాళ్లే. ఎం.ఎస్. కోసమో నర్సింగ్ ఉద్యోగం కోసమో వచ్చిన పాతికేళ్లవాళ్లకు ఎ1, అంటే భాషలో మొట్టమొదటి స్థాయి, చెప్పడం వేరు. లంచ్ అయ్యాక వచ్చే పీరియడ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు అదే ఎ1 చెప్పడం వేరు. అలా మారినవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు జర్మన్‌వే అయినా ఫ్రెంచ్, స్పానిష్, జపనీస్ చెప్పేవాళ్లకూ చాలావరకు పనికొస్తాయి.

పెద్దవాళ్లకు బాగా నడిచిన పాఠం వీళ్ల దగ్గర ఎందుకు నడవదు?

పెద్దవాళ్లు తమ డబ్బు కట్టుకుని, తమ అవసరం కోసం వస్తారు. తప్పు పలికితే నవ్వేసి మళ్లీ పలుకుతారు. పద్నాలుగేళ్ల పిల్లాడికి తప్పు పలకడం పెద్ద విషయం కాదు, ఎవరి ముందు పలికాడన్నదే విషయం. 'ఊ ఉమ్లౌట్' (ü అక్షరం) పలకాలంటే నోట్లో 'ఈ' అంటూ పెదాలు మాత్రం 'ఊ' అన్నట్టు చుట్టాలి. వెనక బెంచీలో ఫ్రెండు, పక్క వరసలో తనకు నచ్చిన అమ్మాయి చూస్తుండగా ఆ మూతి పెట్టడం కంటే "నాకు రాదు మేడమ్" అనేయడం వాడికి తేలిక. దాన్ని మనం బద్ధకం అనుకుంటాం, ఇంట్రెస్ట్ లేదని రిపోర్టులో రాస్తాం. నిజానికి వాడు కాపాడుకుంటున్నది పరువు. టీనేజ్ క్లాసులో మన పని సగం ఆ పరువు పోకుండా చూడటమే.

పదమూడేళ్లకు మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టేనా?

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చిన్నపిల్లలకే భాషలు తొందరగా వస్తాయన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. కేథరిన్ స్నో, మరియన్ హూఫ్‌నాగల్-హోలె అనే పరిశోధకులు నెదర్లాండ్స్‌లో ఉంటూ డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లిష్ మాతృభాషవాళ్లను వయసులవారీగా గమనించి, 1978లో ఫలితాలు ప్రచురించారు. మొదటి నెలల్లో వేగంగా ముందుకెళ్లింది పసిపిల్లలు కాదు, 12–15 ఏళ్లవాళ్లు, పెద్దవాళ్లు. ఉచ్చారణ సంగతికొస్తే, ఏళ్ల తరబడి ఆ భాష మధ్య పెరిగితే చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్లదే పైచేయి అవుతుంది. అయితే వారానికి మూడు పీరియడ్ల స్కూలు క్లాసులో ఆ తేడాకు పెద్దగా చోటు లేదు. ఏడో తరగతి పిల్లలకు వ్యాకరణం వివరిస్తే అర్థమవుతుంది, మూడో తరగతి పిల్లలకు కాదు. కాబట్టి ఆలస్యమైందన్న బెంగ అక్కర్లేదు.

మొదటి క్లాసులో ఏం చెయ్యాలి?

అక్షరమాల బోర్డు మీద రాయకండి. కార్ల పేర్లు రాయండి. బీఎండబ్ల్యూని జర్మన్లు 'బే-ఎమ్-వే' అంటారు. ఫోక్స్‌వ్యాగన్ 'ఫోల్క్స్‌వాగెన్' అవుతుంది. పోర్షె రెండు అక్షరాలు పలకాలి, 'పోర్ష్' అని మింగేయకూడదు. అడిడాస్‌లో ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది, ఎందుకంటే అది ఆడి డాస్లర్ అనే మనిషి పేరులోంచి వచ్చింది. ఆ పూటకు క్లాసులో గొడవ మొదలవుతుంది. కార్ల పిచ్చి ఉన్న ఒకడు లేచి "యూట్యూబ్‌లో అలా అనరు" అంటాడు. అననివ్వండి. 'వి' ఎక్కడ 'ఫ' అవుతుందో, 'డబ్ల్యూ' ఎక్కడ 'వ' అవుతుందో ఆ గొడవలోనే తేలిపోతుంది. పరాయి మాట పలకడానికి సిగ్గుపడే పిల్లలు కారు పేరు పలకడానికి సిగ్గుపడరు.

మొదటి రోజు ఇంకోటి కూడా చెప్పండి. ఈ గదిలో ఎవరికీ జర్మన్ రాదు. ఒలింపియాడ్ టాపర్‌కీ రాదు, లెక్కల్లో ముప్పై దాటనివాడికీ రాదు. సెక్షన్లు కూడా ర్యాంకుల ప్రకారమే వేసే మన స్కూళ్లలో అందరూ సున్నా దగ్గర నిలబడే పీరియడ్ ఇదొక్కటే. టాపర్లకు ఇది కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, వెనక బెంచీవాళ్లు మాత్రం వెంటనే పట్టేస్తారు. నా అనుభవంలో స్కూల్లో మరెక్కడా నోరు విప్పనివాళ్లు జర్మన్‌లో ముందు నోరు విప్పుతారు.

ప్రశ్న అడిగితే ఒక్కరూ నోరు తెరవరు. ఏం చెయ్యాలి?

ముందు ఆగడం నేర్చుకోవాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసులు గమనించి చెప్పిందేమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సుమారు ఒక్క సెకను ఆగుతారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, మామూలుగా మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడతారు. సొంత భాషలో సైన్స్‌కే అన్ని సెకన్లు కావాలంటే, పరాయి భాషలో క్రియ ఎక్కడ పెట్టాలో వెతుక్కునేవాడికి ఎన్ని కావాలి! మౌనం మనకు భారంగా ఉంటుంది కాబట్టి జవాబు మనమే చెప్పేస్తాం.

రెండోది, పేరు పిలిచి లేపడం తగ్గించండి. ముందు క్లాసంతా కలిసి అనాలి, తర్వాత పక్కవాడితో అనాలి, ఆ తర్వాతే ఒక్కరు పైకి చెప్పాలి. ఈ వరస తప్పితే పిల్లలు బిగుసుకుపోతారు. జంటలను మీరే వేయండి, నెలకోసారి మార్చండి. "నచ్చినవాళ్ల పక్కన కూర్చోండి" అంటే ఎవరికీ నచ్చని పిల్ల ఒకర్తి ఒంటరిగా నిలబడాల్సి వస్తుంది.

మూడోది, టీచర్‌ను ఆడించనివ్వడం. జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్ట్ 1960ల్లో ఒక పద్ధతి తెచ్చాడు: ఆ భాషలో ఆజ్ఞలిస్తే నేర్చుకునేవాళ్లు చేసి చూపించాలి. లే, కూర్చో, తలుపు తియ్యి. చిన్నపిల్లలు ఎగిరి గంతేసి చేస్తారు. తొమ్మిదో తరగతివాళ్లను అలా ఆడమంటే "మేం యూకేజీనా?" అన్నట్టు చూస్తారు. అందుకే తిప్పి చేయండి. ఆజ్ఞలు వాళ్లివ్వాలి, చేసేది మీరు. తప్పు జర్మన్‌లో చెబితే కదలకండి, సరిగ్గా చెబితేనే కదలండి. టీచర్‌ను గోడవైపు తిప్పి, ఒంటికాలి మీద నిలబెట్టి, బ్యాగు నెత్తిన పెట్టించే అవకాశం కోసం ఎంత సిగ్గరి అయినా ఆజ్ఞార్థకం నేర్చుకొస్తాడు. మీ పరువు కాస్త పోతుంది. పోనివ్వండి.

తప్పులు వెంటనే దిద్దాలా?

వ్యాకరణం అభ్యాసం చేసేటప్పుడు దిద్దండి. వాడు తన సొంత సంగతి చెబుతున్నప్పుడు వద్దు. "నిన్న మా తాతయ్య వచ్చారు" అని తడబడుతూ చెప్పే పిల్లాడికి విభక్తి తప్పు చూపిస్తే, తాతయ్య కబురు మనకు పట్టలేదని వాడికి అర్థమవుతుంది. జవాబిచ్చేటప్పుడు సరైన రూపం మన నోట వచ్చేలా మాట్లాడితే చాలు.

క్లాసులో తెలుగు వాడొచ్చా? జర్మన్‌లోనే మాట్లాడాలంటారు కదా.

వాడొచ్చు. నా మటుకు నాకు, ఇంగ్లిష్ కంటే తెలుగే ఎక్కువ పనికొచ్చింది. మన దగ్గర జర్మన్‌ను ఇంగ్లిష్ మీదుగా చెప్పడం అలవాటైపోయింది, దాంతో లేని కష్టాలు వచ్చిపడతాయి.

'వైల్' అంటే 'ఎందుకంటే'. దాని వెనక వచ్చే వాక్యంలో క్రియ చివరికి పోతుంది: 'వైల్ ఇష్ ఫీబర్ హాబే'. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునే పిల్లలు దీనికి తల పట్టుకుంటారు. తెలుగులో "నాకు జ్వరం ఉంది" అన్నప్పుడు క్రియ ఎక్కడుందో అడగండి. చివరే కదా! మనం పుట్టినప్పటినుంచీ చేస్తున్నదే.

లింగం సంగతీ అంతే. 'దాస్ మేడ్షెన్', అంటే అమ్మాయి, జర్మన్‌లో నపుంసకలింగం. ఇది చెప్పగానే అమ్మాయిలంతా ఒక్కసారిగా అభ్యంతరం చెబుతారు. అప్పుడు బోర్డు మీద రెండు వాక్యాలు రాయండి: 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది'. ఏకవచనంలో మన క్రియకు ఆడమనిషికీ వస్తువుకీ తేడా లేదు, తేడా మగవాడికే: 'అబ్బాయి వచ్చాడు'. ఒక నిమిషం నిశ్శబ్దం, ఆ తర్వాత చర్చ జర్మన్ వదిలేసి ఎక్కడికో పోతుంది. ఆ రోజుకి పాఠం కాకపోయినా ఫర్వాలేదు, 'దాస్ మేడ్షెన్' మాత్రం ఎవరూ మర్చిపోరు. ఇక బల్ల ఎందుకు పుంలింగం, తలుపు ఎందుకు స్త్రీలింగం అంటే కారణం వెతక్కండి. పదంతో పాటే దాని లింగం చెప్పే డేర్, డీ, దాస్ కలిపి కంఠస్థం చేయించడం తప్ప దారి లేదు.

జర్మన్ 'జెడ్' ధ్వని మనకు ఉచితంగా వస్తుంది. చలి, చాప, చుక్క అనేటప్పుడు పలికే దంత్య 'చ' అదే. పదిని వాళ్లు 'త్సేన్' అంటారు. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో ఇప్పుడు కొందరు చాపను కూడా తాలవ్యంగానే పలుకుతున్నారు, అది వేరే బాధ. వాళ్ల అమ్మమ్మ ఎలా అంటుందో గుర్తుచేసుకోమంటే సరిగ్గానే పలుకుతారు.

ఇంట్లో ఉర్దూయో హిందీయో మాట్లాడే పిల్లలూ హైదరాబాద్ క్లాసుల్లో ఉంటారు. క్రియ చివర రావడం వాళ్లకూ కొత్త కాదు కాబట్టి వాళ్ల వాక్యాలు వాళ్ల చేతే చెప్పించండి.

అంకెలు బోర్ కొట్టకుండా ఎలా?

హౌసీ ఆడించండి. జర్మన్లు ఇరవై ఒకటిని 'ఐన్-ఉంట్-త్స్వాంత్సిష్' అంటారు, ఒకటి ముందు, ఇరవై తర్వాత. 43 అంటే 34 కొట్టేసుకుని ఫుల్ హౌస్ అని అరిచేవాడు ప్రతి క్లాసులో ఉంటాడు. నంబర్లు పిలిచే పని పిల్లలకే ఇవ్వండి.

వాళ్లతో కలవాలంటే వాళ్ల స్లాంగ్ మాట్లాడాలా?

వద్దు. మనం 'బ్రో' అంటే వాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. అయితే జర్మనీ పిల్లల స్లాంగ్ ఏమిటో చూపించండి. లాంగెన్‌షైట్ అనే డిక్షనరీ ప్రచురణ సంస్థ 2008 నుంచి దాదాపు ఏటా 'యువతరం మాట' ఒకటి ప్రకటిస్తోంది. 2020లో అది 'లాస్ట్', 2021లో 'క్రింజ్', 2024లో 'ఆరా'. అంటే కూకట్‌పల్లిలో వాడే మాటలే కొలోన్‌లోనూ. జర్మన్ అంటే వ్యాకరణం పట్టికల్లో ఉండే భాష అనుకునే పిల్లలకు అక్కడా తమలాంటివాళ్లే ఉన్నారని తెలుస్తుంది.

వాళ్ల ఇష్టాలు తెలుసుకోవడం అవసరమే కానీ మనకూ అవే ఇష్టమని నటించక్కర్లేదు. "నాకు ఈ పాట అర్థం కాలేదు, జర్మన్‌లో మూడు వాక్యాల్లో చెప్పు" అంటే వాడు చెప్పేవాడు, మనం వినేవాళ్లం అవుతాం. క్రికెట్ దీనికి బాగా పనికొస్తుంది. సగటు జర్మన్‌కి క్రికెట్ ఓనమాలు తెలియవు, అక్కడ ఆడేవాళ్లలో ఎక్కువమంది అఫ్ఘాన్, దక్షిణాసియా మూలాలవాళ్లే. ఎ1 తర్వాతిదైన ఎ2 స్థాయిలో "ఒక జర్మన్‌కి ఎల్‌బీడబ్ల్యూ వివరించు" అని ఇస్తే, ఏనాడూ హోంవర్క్ చేయనివాడు కూడా డిక్షనరీ తీస్తాడు.

జర్మనీ గురించి ఏం చెబితే వింటారు?

కోటలు, బీథోవెన్, బెర్లిన్ గోడ... ఇవి పుస్తకంలో ఉన్నాయి, వాళ్లు వినరు. స్కూలు గురించి చెప్పండి, చెవులు రిక్కించి వింటారు.

అక్కడ మార్కులు ఒకటి నుంచి ఆరు వరకు ఉంటాయి, ఒకటి అన్నిటికంటే మంచిది, ఆరు ఫెయిల్. ఒకటో తరగతిలో చేరే రోజున పిల్లాడికి శంకువు ఆకారంలో ఉన్న పెద్ద అట్ట పొట్లంలో చాక్లెట్లు, పెన్సిళ్లు నింపి ఇస్తారు. ఇవన్నీ ఒక ఎత్తు, 'హిట్సెఫ్రై' ఒక ఎత్తు. ఎండ ఎక్కువైతే స్కూలు వదిలేయడం. నిబంధన రాష్ట్రానికొకలా ఉంటుంది. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో క్లాసు గదిలో వేడి 27 డిగ్రీలు దాటితే ప్రిన్సిపాల్ పిల్లల్ని ఇంటికి పంపొచ్చు. ఏప్రిల్ నెల, నలభై డిగ్రీల ఎండ, ఒక ఫ్యాను తిరగని గదిలో ఈ మాట చెప్పి చూడండి. "ఇరవై ఏడా?" అని ఎవరో అరుస్తారు. "మాకు ఏసీలోనే ఇరవై నాలుగు మేడమ్!" అని ఇంకొకరు. అదే ఊపులో ప్రిన్సిపాల్‌కి జర్మన్‌లో ఒక అర్జీ రాయమనండి: తేదీ, సంబోధన, 'వైల్'తో కారణాలు మూడు. అర్జీలు నిజంగా నోటీసు బోర్డు మీద పెట్టండి. మన ఒంటిపూట బడుల గురించి జర్మన్ పిల్లలకు వివరించడం తర్వాతి వారం పని.

ఎవరో ఒకరు గూగుల్ చేసి వచ్చి, అక్కడ పదహారేళ్లకే బీరు కొనొచ్చట కదా అని అడుగుతారు. నిజమే, దాటవేయకండి. 2024 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో జర్మనీలో పదహారేళ్లవాళ్లు ఓటు కూడా వేశారని చెబితే చర్చ కాస్త మంచి దారిలో పడుతుంది.

చనువిస్తే నెత్తికెక్కరా?

ఎక్కుతారు, చనువుకీ నియమాలు లేకపోవడానికీ తేడా మనకే తెలియకపోతే. నవ్వించడం చనువు. ఆలస్యంగా వచ్చినవాడిని ఒకరోజు వదిలేసి మర్నాడు తిట్టడం నిలకడలేనితనం. టీనేజర్లు కఠినమైన టీచర్‌ను భరిస్తారు, పక్షపాతం ఉన్న టీచర్‌ను భరించరు. నియమాలు రెండో మూడో చాలు. మొదటి వారం చెప్పి, టాపర్‌కీ కరెస్పాండెంట్ గారి అబ్బాయికీ ఒకేలా వర్తింపజేయండి. ఒకరి ఉచ్చారణ విని మరొకరు నవ్వకూడదన్నది మాత్రం మొదటి నియమం. దీనికి నా క్లాసులో మినహాయింపు లేదు.

గౌరవం గురించి ఒక చిన్న చిట్కా. జర్మన్ స్కూళ్లలో టీచర్లు పిల్లల్ని మామూలుగా 'డు' అంటారు, అంటే నువ్వు. పై తరగతులకు, సుమారు పదహారేళ్లకు వచ్చాక 'జీ', అంటే మీరు అనడం ఆనవాయితీ. పదకొండో తరగతి మొదటి రోజున క్లాసులోకి వెళ్లి ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో, 'మీరు' అని పలకరించండి. ముందు నవ్వుతారు. తర్వాత చొక్కాలు సర్దుకుంటారు.

హోంవర్క్ అంతా ఏఐతో చేసేస్తున్నారు. ఏం చెయ్యను?

పట్టుకోవడం కష్టం కాదు. రెండు నెలల క్రితం మొదలుపెట్టిన పిల్ల 'వ్యుర్డె' వాడి మర్యాదగా రాసిందంటే అది ఆ పిల్ల రాయలేదు. కానీ పోలీసు పని మొదలుపెడితే ఏడాదంతా అదే అవుతుంది. రాయడం క్లాసులోనే, చేత్తో, పది నిమిషాల్లో చేయించండి. ఇంటికి ఇచ్చేది వినే పని, మాట్లాడే పని: అమ్మను ఐదు ప్రశ్నలు తెలుగులో అడిగి, జవాబులు రేపు జర్మన్‌లో చెప్పు. లేదా ఏఐ రాసిన పేరా మీరే ఇచ్చి, మన పాఠాల్లో రాని మాటలన్నీ తీసేసి తిరగరాయమనండి. ఇది వాళ్లకు నచ్చుతుంది, యంత్రాన్ని దిద్దుతున్నామన్న గర్వం కూడా.

వాట్సాప్ గ్రూప్ పెట్టొచ్చా? ఇన్‌స్టాలో ఫాలో అవుతామంటారు.

గ్రూప్ పెడితే స్కూలుకు తెలిసి, తల్లిదండ్రుల నంబర్లతో పెట్టండి. పిల్లలతో విడిగా చాటింగ్ వద్దు, రాత్రిపూట అసలు వద్దు. ఇన్‌స్టా రిక్వెస్టులు ఒప్పుకోకండి. అందరికీ ఒకే జవాబు చెబితే ఎవరూ నొచ్చుకోరు.

పిల్లలు సొంత బాధలు చెప్పుకుంటే?

చెప్పుకుంటారు. "నీ కుటుంబం గురించి రాయి" అన్నది ఎ1లో మొదటి పాఠాల్లోనే ఉంటుంది. నాన్న వేరుగా ఉంటున్న పిల్లకు, అమ్మ లేని పిల్లాడికి ఆ పేరా ఎంత కష్టమో ఊహించండి. అందుకే ఊహా కుటుంబం గురించి రాయొచ్చని ముందే చెప్పాలి. నా క్లాసులో సగంమంది సినిమా హీరోని అన్నయ్యను చేసుకుంటారు, ఎవరిది నిజమో ఎవరిది కల్పనో అడిగేవాళ్లుండరు.

భాష టీచర్‌కి పిల్లల గురించి మిగతావాళ్లకంటే ముందే తెలుస్తుంది, ఎందుకంటే మనం అడిగేదే "నిన్న ఏం చేశావు, ఏం నచ్చదు" అని. విన్నది స్టాఫ్ రూములో కబురు కాకూడదు. కానీ ఎవరైనా తనకు తాను హాని చేసుకుంటానన్నా, ఇంట్లోనో బయటో వేధింపు ఉందన్నా రహస్యంగా ఉంచుతానని మాటివ్వకండి. స్కూలు కౌన్సెలర్‌కి చెప్పాలి. మానసిక ఆరోగ్య సాయం కోసం టెలి మానస్ 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లు క్లాసు గోడ మీద రాసి ఉంచండి.

తల్లిదండ్రులు "స్కోప్ ఏమిటి?" అంటారు. ఏం చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదన్నది నిజం. కానీ బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. ఇంగ్లిష్‌లో నడిచే కోర్సులు ఎక్కువగా మాస్టర్స్‌లో ఉంటాయి, డిగ్రీ స్థాయిలో ఎక్కువ కోర్సులు జర్మన్‌లోనే. ఇంటర్ కాగానే నేరుగా సీటు అందరికీ రాదు. చాలామంది 'ష్టూడియెన్‌కొల్లెగ్' అనే సన్నాహక ఏడాది చదవాల్సి ఉంటుంది. స్కూల్లో వచ్చే ఎ2తో ఇవేవీ తీరవు. తొమ్మిదో తరగతిలో జర్మన్ తీసుకుంటే జర్మనీలో సీటు వస్తుందన్న మాట మీ నోట రానివ్వకండి, అడ్మిషన్ల టైములో స్కూలు వాళ్లు చెప్పమన్నా సరే.

పరీక్ష రాయించాలా?

రాస్తానన్నవాళ్లచేత రాయించండి. జర్మన్ భాష నేర్పే, పరీక్షలు పెట్టే గొయెథె సంస్థ పరీక్షల్లో 'ఫిట్ ఇన్ డాయిచ్ 1' ఎ1 స్థాయిది, 'ఎ2 ఫిట్ ఇన్ డాయిచ్' ఎ2 స్థాయిది, రెండూ టీనేజ్ పిల్లల కోసమే పెట్టినవి. ఎ1లో మాట్లాడే పరీక్ష బృందంగా జరుగుతుంది. తనను పరిచయం చేసుకోవాలి, కార్డు తీసి ప్రశ్న అడగాలి, పక్కవాడికి జవాబివ్వాలి. పెద్దవాళ్ల ఎ1 పుస్తకంలో అద్దె ఇల్లు, ఆఫీసు ఫారాలు ఉంటే ఇందులో స్కూలు, స్నేహితులు, ఆటలు ఉంటాయి.

నేను జర్మనీ వెళ్లలేదు. పిల్లలు అడిగితే?

వెళ్లలేదని చెప్పండి. భాష గట్టిగా ఉంటే చాలు. తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) చదివినవాళ్లు, హైదరాబాద్ గొయెథె-సెంట్రుమ్‌లో కోర్సులు చేసినవాళ్లు జర్మనీ గడప తొక్కకుండానే బాగా చెబుతున్నారు.

ఉద్యోగానికి నిలకడ ఉంటుందా?

విధానాలు మారుతుంటాయి. కేంద్రీయ విద్యాలయాల్లో 2011 ఒప్పందంతో మూడో భాషగా వచ్చిన జర్మన్‌ను 2014 నవంబరులో, విద్యాసంవత్సరం మధ్యలో తీసి సంస్కృతం పెట్టారు. 2020 జాతీయ విద్యావిధానం సెకండరీ స్థాయిలో నేర్పదగ్గ విదేశీ భాషల్లో కొరియన్, జపనీస్, ఫ్రెంచ్, స్పానిష్‌లతో పాటు జర్మన్‌ను కూడా పేర్కొంది. రెండు భాషలు వచ్చిన టీచర్‌కి టెన్షన్ తక్కువ.

పదో తరగతి రాగానే మానేస్తున్నారు. ఎలా ఆపాలి?

చాలామందిని ఆపలేం. ఐఐటీ ఫౌండేషన్ ఉంటుంది, బోర్డు పరీక్షలు ఉంటాయి, ఆపై ఇంటర్‌లో రెండో భాషగా మార్కుల కోసం సంస్కృతం తీసుకోవడం ఇక్కడ ఆచారం. అందుకే ఏం చెప్పినా తొమ్మిదో తరగతి ముగిసేలోపు ఒక గట్టుకు చేర్చండి: ఫిట్ 1 సర్టిఫికెట్, ఒక నాటకం, ఒక జర్మన్ స్కూలు పిల్లలతో నాలుగు ఈమెయిళ్లు. సగంలో ఆగిన పాఠ్యపుస్తకం చేతిలో పెట్టి పంపకండి. కొనసాగిస్తానన్న ముగ్గురో నలుగురో ఉంటే వాళ్లకు శనివారం ఒక గంట ఇమ్మని స్కూలును అడగండి. ఇవ్వకపోతే లంచ్ బ్రేక్‌లో డబ్బాలు తెచ్చుకుని కూర్చోమనండి. తిండి గురించి మాట్లాడటానికి ఎ2 సరిపోతుంది, గోంగూరకు జర్మన్ మాట కోసం కొట్టుకుంటూ ఉంటారు.